లోడరు వెనక

పశువుల డాక్టరు ఒక్కో ఆవు డొక్కకీ స్టెతస్కోపు ఆనించి వింటున్నంతసేపూ పెద్దకోడలు పేడ తోసే లోడరు ఆపి సీట్లోనే కూర్చుంది. ఇంజను ఆగినా పొగ మాత్రం షెడ్డు కప్పు కింద ఇంకా వేలాడుతూనే ఉంది. రేకులకు తగిలి, బయటికి దారి తెలియనట్టు అక్కడక్కడే నల్లగా తిరుగుతోంది. డాక్టరు తలెత్తి దాన్ని చూశాడు, తర్వాత లోడరును చూశాడు. పక్కన నిలబడ్డ సూపర్వైజరుతో, ఆవులు దగ్గడానికీ పాలు తగ్గడానికీ ఇదే కారణమనీ, ఈ పొగ ఆపకుండా ఎన్ని మందులు పోసినా బూడిదలో పోసినట్టేననీ చెప్పాడు.

ఆయన ఆ మాట అంటుండగానే లోడరు వెనక నుంచి దగ్గు వినిపించింది. చిన్నకోడలి దగ్గు అది. మొదలైతే ఒక పట్టాన ఆగదు, బావిలోంచి చేద లాగినట్టు లోపలెక్కడి నుంచో వస్తుంది. ఆమె పేడ నెట్టే రబ్బరు కర్ర మీద రెండు చేతులూ ఆనించి, వంగి, దగ్గడం అయ్యేదాకా ఆగి, మళ్లీ నడుం ఎత్తింది. డాక్టరు అటు తిరగలేదు. ఆయన పశువుల డాక్టరు, తిరగవలసిన పని లేదు. సూపర్వైజరూ తిరగలేదు.

ఆ డెయిరీలో వాళ్లిద్దరినీ అందరూ కోడళ్లనే పిలుస్తారు. అన్నదమ్ములను చేసుకున్న తోటికోడళ్లు, ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు. ఆవులు పాలు పిండించుకోవడానికి వెళ్లినప్పుడు పెద్దకోడలు లోడరుతో వరసల మధ్య పేడ తోసుకుంటూ పోతుంది. బకెట్టు అంచుకు అందక మిగిలిన దాన్ని చిన్నకోడలు రబ్బరు పలక బిగించిన కర్రతో వెనకాలే నెడుతూ నడుస్తుంది. ఒకరి వెనక ఒకరు రోజంతా తిరుగుతారు గానీ ఇద్దరికీ మాటల్లేవు. మాటలు పోయిందీ ఈ పొగ దగ్గరే. క్యారేజీలు విప్పుకునే చోట, పదిమంది ముందు, చిన్నకోడలు ఒకరోజు అనేసింది. "పొమ్మనలేక పొగబెట్టడమంటే సామెత అనుకున్నా. మా అక్క నిజంగానే పెడుతోంది."

అందరూ నవ్వారు. పెద్దకోడలు చేతిలో ముద్ద తిరిగి క్యారేజీలో పెట్టేసింది. యంత్రం పొగ వదిలితే తనేం చేస్తుంది? దీనికి సీటు మీద కన్ను పడింది, అందుకే ఈ దెప్పుళ్లు అనుకుంది. ఆ మధ్యాహ్నం నుంచి క్యారేజీ తీసుకుని వేరే గోడ పక్కకు జరిగింది.

డాక్టరు వెళ్లిపోయాక సూపర్వైజరు లోడరు దగ్గరికి వచ్చి, నిప్పు లేనిదే పొగ రాదంటారు, నువ్వు దాన్ని ఎలా తొక్కుతున్నావో ఒకసారి చూసుకో అన్నాడు. వారం చివరికల్లా బాగు కాకపోతే పాత బండిని ఇనుప సామానుకి తోలేసి అద్దెకు కొత్తది తెప్పిస్తాడట. దాంతోపాటు డ్రైవరు కూడా వాళ్ల మనిషే వస్తాడట. ఆ చివరి మాట ఆయన నడుస్తూ నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే చెప్పాడు.

సాయంత్రం పెద్దకోడలి తమ్ముడు పనిముట్ల పెట్టె పట్టుకుని దిగాడు. ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు నడుపుతాడు. యంత్రాలతో మాట్లాడినంత మెత్తగా మనుషులతో మాట్లాడడు, అక్కతో అయితే మరీ కటువు. లోడరు వెనక ఇంజను తలుపు తెరిచి, టార్చి నోట కరుచుకుని, స్టార్టు చేయమని చేత్తో సైగ చేశాడు. ఇంజను తిరిగింది. కాసేపు పలచగా తెల్లపొగ వచ్చి పోయింది. బకెట్టు నిండా పేడతో పైకెత్తమన్నాడు. ఎత్తగానే గొట్టంలోంచి నల్లటి మోపు ఒకటి లేచింది.

టార్చి నోట్లోంచి తీసి తమ్ముడు పాఠం చెప్పినట్టు చెప్పాడు. తెల్లగా వస్తే డీజిలు మండకుండా పోతున్నట్టు, నీలంగా వస్తే ఇంజనాయిలు కాలుతున్నట్టు, నల్లగా వస్తే గాలి చాలక డీజిలు సగమే కాలుతున్నట్టు. ఇది నలుపు. అంటే ఊపిరాడట్లేదు. గాలి ఫిల్టరు బయటికి లాగి నేలకేసి కొడితే గడ్డి పొట్టూ దుమ్మూ గుప్పెడు రాలాయి. తమ్ముడి మొహం వెలిగింది. ఇంత చిన్నదానికా ఇంత గొడవ అన్నాడు. మర్నాడు పొద్దున్నే కొత్త ఫిల్టరు తెచ్చి బిగించాడు. పెద్దకోడలు బకెట్టు ఎత్తింది. నల్లటి మోపు మళ్లీ లేచింది.

అప్పుడామె సైలెన్సరు మూసుకుపోయి ఉంటుందని పట్టుబట్టింది. రాత్రంతా ఆలోచిస్తే తట్టిన మాట అది. లోపలికి పీల్చింది బయటికి పోవాలి కదా అంటే తమ్ముడు కాదనలేకపోయాడు. తుప్పు పట్టిన బోల్టులు ఒక పట్టాన రాలేదు. ఒకటి విరిగింది. దాన్ని తొలిచి తీసేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పెద్దకోడలు మణికట్టు వేడి గొట్టానికి తగిలి చురుక్కుమంది. తీరా విప్పి ఊది చూస్తే, మసి తప్ప ఏ అడ్డమూ లేదు. గాలి అటు నుంచి ఇటు హాయిగా వస్తోంది. తమ్ముడు విరిగిన బోల్టు ఆమె ముందు పెట్టి, మళ్లీ అన్నీ బిగించసాగాడు. కాలిన చెయ్యి కంటే ఆమెకు అదే ఎక్కువ మండింది.

డీజిలు ట్యాంకు వంచి అడుగున చేరిన నీళ్లు తీశారు. డీజిలు ఫిల్టరు మార్చారు. చివరికి ఇంజనులోకి డీజిలు చిమ్మే ఇంజక్టర్లు విప్పి, గుడ్డలో పసిపిల్లల్ని చుట్టినట్టు చుట్టుకుని, టౌనులో పరీక్ష చేయిస్తానని తమ్ముడు వెళ్లిపోయాడు.

అవి వచ్చేదాకా లోడరు కదలదు. పేడ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. సూపర్వైజరు అందరికీ పారలు ఇప్పించాడు. పెద్దకోడలికీ ఒకటి ఇచ్చాడు.

సీటు మీద నుంచి చూస్తే ఆ వరస అంత పొడుగనిపించేది కాదు. కిందికి దిగి తోస్తే అటు చివర కనిపించడమే లేదు. పార అంచు గచ్చు మీద గీసుకుంటుంటే ఆ ఒరిపిడి మోచేతుల దాకా వస్తోంది. పేడనీళ్లు బూట్ల పైనుంచి లోపలికి కారాయి. సగం వరసకే అరచేతిలో బొబ్బ లేచింది. పక్క వరసలో చిన్నకోడలు తోసుకుంటూ పోతోంది. ఆమె కర్రను బలంగా నెట్టడం లేదు. ఒంటి బరువు దాని మీద వాల్చి నడుస్తోంది, పది అడుగులకోసారి భుజం మారుస్తోంది. పెద్దకోడలు కొంతసేపు ఓరకంట చూసి, తనూ భుజం మార్చింది. చేయి కొంచెం తేలికపడింది. చిన్నకోడలు అది చూసింది, చూడనట్టు ముందుకు పోయింది.

ఇంకో సంగతి కూడా ఆ రోజు పెద్దకోడలి చెవిన పడింది. పడింది అనడం కంటే పడలేదు అనడమే సరి. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా చిన్నకోడలు దగ్గింది తక్కువ. అప్పుడో మాటు, ఇప్పుడో మాటు. పెద్దకోడలు ఆ సంగతిని మనసులో ఎక్కడ పెట్టాలో తెలియక, పారకు అంటిన పేడ గీకుతూ నిలబడింది.

ఇంటికెళ్లాక ఇద్దరూ చెరో పొయ్యి దగ్గర చేరారు. వాళ్ల అత్త మధ్య గదిలో కూర్చుని, ఇద్దరి ఒంటి మీదా కంపు ఒకటే, కూరలే వేరు అని గోడకు చెప్పినట్టు చెప్పింది. మణికట్టు మీద కాలినచోట పెద్దకోడలు చన్నీళ్లు పోసుకుంటుంటే, గోడకు అటువైపు పెరట్లో ఎవరో గొంతు సవరించుకుంటున్నారు. ఆ చప్పుడు ఎన్నాళ్ల నుంచి ఉందో ఆమెకు గుర్తురాలేదు.

ఇంజక్టర్లు వచ్చాయి. ఒకటి సరిగా చిమ్మకుండా కారుతోందట, దాని ముక్కు మార్చారట. తమ్ముడు దాన్ని గెలిచిన కప్పులా పైకెత్తి చూపించాడు. బిగించి, గాలి బుడగలు పోయేదాకా గొట్టాల మరలు వదులుచేసి, మళ్లీ బిగించి, డీజిలు చేతులు ప్యాంటుకు తుడుచుకుని, ఇక చూడు అన్నాడు. ఇంజను నిజంగానే మెత్తగా తిరిగింది. ఊరికే తిరుగుతున్నంతసేపూ గొట్టం మీద ఆవిరి కూడా లేదు. పెద్దకోడలు బకెట్టు నింపింది, ఎత్తింది. వెనక అద్దంలో ఆకాశం నల్లబడింది.

తమ్ముడు పానా నేలకేసి కొట్టాడు.

ఆమె దిగి వచ్చి, బరువు పడ్డప్పుడే వస్తోంది, అప్పుడు ఇంజను గొంతు కూడా మారుతోంది, ఎవరో ముక్కు మూసినట్టుంటోంది అని చెప్పబోయింది. చెప్పనిచ్చేలా లేడు.

"అక్కా, ముక్కులూ మూతులూ నాకు చెప్పకు. సైలెన్సరన్నావు, విప్పాం. ఏమొచ్చింది? నీ చెయ్యి కాలింది."

"నువ్వు మాత్రం ఏం పీకావురా? ఫిల్టరే అన్నావు, ఇంజక్టరే అన్నావు."

"అవి రెండూ పాడయ్యే ఉన్నాయి."

"అయితే పొగెందుకు వస్తోంది?"

జవాబు తెలియనప్పుడు వాడికి చిన్నప్పటి నుంచీ కోపమే వస్తుంది. ఇక మిగిలింది డీజిలు పంపు, దాన్ని విప్పి పంపిస్తే ఎన్నాళ్లకు వస్తుందో దేవుడికే తెలియాలి, ఇంతకంటే తన వల్ల కాదన్నాడు. పనిముట్లు ఒక్కొక్కటీ పెట్టెలోకి విసిరాడు. వెళ్తూ వెళ్తూ, ఈ ముసలి బండి కోసం నువ్వు గింజుకోవడం ఎందుకు, పోనివ్వరాదా అన్నాడు. పోతే తన సీటు కూడా దాంతోనే పోతుందని ఆమె చెప్పలేదు. అక్కగా పుట్టినందుకు కొన్ని మాటలు తమ్ముడి దగ్గర నోరు దాటి రావు.

మర్నాడు పొద్దున సూపర్వైజరు కబురు పంపాడు. అద్దె బండి వచ్చేదాకా పారలతో లాభం లేదు, పొగ వచ్చినా సరే లోడరే నడపమన్నాడు. ఆవులను ముందుగా అవతలి షెడ్డుకు తోలేస్తారట.

"మరి వెనక వచ్చేవాళ్లు?" అని పెద్దకోడలు అడిగింది. ఎందుకడిగిందో ఆమెకే తెలియదు. ఇన్నాళ్లూ అడగని మాట.

"మూతికి గుడ్డ కట్టుకోమను" అన్నాడాయన.

ఆవులు బారుగా అవతలికి నడిచి వెళ్లాయి. వరస ఖాళీ అయింది. పెద్దకోడలు సీట్లో కూర్చుని ఒడి మీదికి ఇనుప కమ్మీ దించుకుంది. సీట్లో మనిషి ఉండి, ఆ కమ్మీ దిగితేనే ఆ బండి బకెట్టు కదులుతుంది. వెనక అద్దంలో చూస్తే చిన్నకోడలు వచ్చి తన చోట నిలబడింది. తలగుడ్డ విప్పి, మడత పెట్టి, ముక్కుకీ నోటికీ అడ్డంగా కట్టుకుని వెనక ముడి వేసుకుంటోంది. ఏ గొణుగుడూ లేదు, సామెతా లేదు. ముడి వేసుకుని కర్ర అందుకుని, కానివ్వు అన్నట్టు కళ్లెత్తింది.

పెద్దకోడలు తాళం చెవి తిప్పలేదు. కాసేపు దాన్ని పట్టుకుని అలాగే కూర్చుంది. షెడ్డు చివర నుంచి సూపర్వైజరు ఏమైందని కేకేస్తే, స్టార్టు కావట్లేదని చెప్పింది. ఆయన చేతులు గాల్లోకి ఎగరేసి, అద్దె బండికి ఫోను చేయడానికి ఆఫీసు గదిలోకి వెళ్లిపోయాడు.

ఆమె దిగి, వెనక తలుపు తెరిచింది. చక్రాల ముందూ వెనకా రాళ్లు పెట్టింది. ఒకసారి తనే దగ్గరగా చూడాలి. ఆ పొగ ఎక్కడ పుట్టి చస్తోందో చూడాలి. కానీ సీట్లో మనిషి లేకపోతే బకెట్టు లేవదు, ఇంజను మీద బరువు పడదు. తమ్ముడు లేడు. చుట్టూ చూస్తే ఉన్నది చిన్నకోడలు ఒక్కతే.

"ఎక్కి కూర్చో" అంది.

చిన్నకోడలు గుడ్డ కిందికి లాగి, నేనా అన్నట్టు చూసింది.

"ఆ కమ్మీ దించుకో. ఈ పెడల్ తొక్కితే పైకి లేస్తుంది. పైకంటా వెళ్లాక కూడా తొక్కే ఉంచు. నేను చెయ్యెత్తితే వదిలెయ్, దింపితే మళ్లీ తొక్కు."

ఎక్కడానికి చిన్నకోడలు కాలు ఎక్కడ పెట్టాలో వెతుక్కుంది. కూర్చున్నాక వీపు సీటుకు ఆనించలేదు, పరాయింట్లో కుర్చీ మీద కూర్చున్నట్టు అంచునే కూర్చుంది. పెద్దకోడలు చేయి చాపి తాళం తిప్పి, ఇంజను వేగం పెంచే డీజిలు పుల్ల ముందుకు తోసి, పరుగున వెనక్కి వచ్చింది. బకెట్టు లేచింది, పైకంటా వెళ్లి ఆగింది. ఇంజను మూలిగింది. గొంతు మారింది.

పొగ నేరుగా మొహం మీద కొట్టింది.

ఆమె ఆ బండిని ఇన్నేళ్లుగా నడుపుతోంది గానీ, అది నడుస్తుండగా ఆ చోట ఎప్పుడూ నిలబడలేదు. అద్దంలో చూసిన పొగ వేరు. ఇది కళ్లలో కారంలా పడింది, గొంతులో జిడ్డులా అతుక్కుంది. ఒక్క గుక్కకే దగ్గు వచ్చింది, దగ్గుకు గాలి పీల్చబోతే ఇంకాస్త పొగ వెళ్లింది. తట్టుకోలేక తల దించి, గాలి కోసం గచ్చు మీద మోకాళ్లు ఆనించి వంగిపోయింది. కళ్లు తుడుచుకుని తెరిచేసరికి ఇంజను అడుగు భాగం ఎదురుగా ఉంది.

గాలి ఫిల్టరు నుంచి ఇంజనుకు వెళ్లే లావుపాటి రబ్బరు గొట్టం. పైనుంచి చూస్తే నున్నగా, గుండ్రంగా ఉండేది. కింద నుంచి చూస్తే దాని పొట్ట లోపలికి పోయి ఉంది. ముసలివాళ్లు దవడలు పీల్చుకున్నట్టు, ఈ గోడ ఆ గోడకు అతుక్కుపోయి ఉంది. ఆమె చెయ్యెత్తింది. పైన చిన్నకోడలు కాలు తీసింది. ఇంజను మూలుగు తగ్గింది, గొట్టం బొప్పున మళ్లీ గుండ్రంగా ఉబ్బింది. చెయ్యి దింపింది. మళ్లీ పొట్ట లోపలికి పోయింది, మళ్లీ పొగ లేచింది.

ఇంజను ఆపేసి ఇద్దరూ ఆ గొట్టం ఊడదీశారు. ఆయిలు తాగి తాగి అరటి తొక్కలా మెత్తబడిపోయింది. ఫిల్టరు కొత్తదే, ఇంజక్టర్లు బాగుచేసినవే, మధ్యలో గొంతు మూసుకుపోతుంటే ఎన్ని మారిస్తే ఏం లాభం. పెద్దకోడలు తమ్ముడికి ఫోను చేసి చెప్పింది. అలాంటి గొట్టం తెప్పించాలంటే టైము పడుతుందనీ, మెత్తబడని గొట్టం ఏదైనా అదే లావుది దొరికితే అప్పటిదాకా బిగించమనీ చెప్పాడు. నేను పైనుంచి చూశానక్కా అన్నాడు చివరికి, చిన్నగా.

మెత్తబడని గొట్టం ఎక్కడ దొరుకుతుందని ఆమె పైకే అనుకుంటుంటే, చిన్నకోడలు నోరు విప్పింది. "పేడనీళ్ల పంపుది ఉంది కదా. లోపల తీగ చుట్టి ఉంటుంది. నేను ఎక్కి తొక్కినా నొక్కుకోదు." ఎక్కి తొక్కి చూసినదానిలాగే చెప్పింది.

పాత పంపు తాలూకు ముక్క చెత్త కుప్పలో దొరికింది. ఇద్దరూ దాన్ని కుళాయి కింద పెట్టి, లోపల చీపురు దూర్చి కడిగారు, గుడ్డతో తుడిచారు, ఎండలో ఆరబెట్టి, రంపంతో కొలతకు కోశారు. ఒకరు పట్టుకుంటే ఒకరు కోశారు. తీగ దగ్గర రంపం ఇరుక్కుంటే ఇద్దరూ కలిసి లాగారు. క్లిప్పులు బిగించి, చిన్నకోడలిని మళ్లీ సీట్లో కూర్చోబెట్టి, పెద్దకోడలు వెనక వచ్చి నిలబడింది. బకెట్టు లేచింది. పైకంటా వెళ్లి ఆగింది. ఇంజను గట్టిగా, ఒకే గొంతుతో మోగింది. పొగ గొట్టం మీద వేడికి గాలి కొంచెం వణుకుతున్నట్టు కనిపించింది, అంతే.

ఆమెకు సంతోషం రావలసింది. బదులుగా నాలుగు రోజుల విసుగంతా ఒక్కసారి మీద పడగా, అక్కడున్న రాయి మీద కూలబడింది.

చప్పుడు విని సూపర్వైజరు బయటికి వచ్చాడు. పొగ గొట్టం వైపు చూసి, చూశావా, గట్టిగా అడిగితే ఏ యంత్రమైనా దారికి వస్తుంది అన్నాడు. అద్దె బండి వద్దని చెప్పేస్తాలే, ముందు వరస కానివ్వు అన్నాడు. సీట్లో ఉన్నది ఎవరో అప్పుడే గమనించి, అదేంటి అన్నాడు.

"ఈ పూట అదే తోస్తుంది" అంది పెద్దకోడలు లేస్తూ. "గొట్టం కొత్తది. పొగ వస్తోందో లేదో వెనక నడిచి చూడాలి. పైన కూర్చుంటే తెలియదు."

ఆయన పని ఎవరు చేస్తే ఏమిటన్నట్టు తల ఊపి వెళ్లిపోయాడు.

పెద్దకోడలు చక్రాల దగ్గరి రాళ్లు తీసేసి, రబ్బరు కర్ర అందుకుంది. లోడరు ఒక్క ఉదుటున ముందుకు దూకి ఆగింది. మళ్లీ దూకింది. ఎడమ గోడకు బకెట్టు అంచు తగిలి కీచుమంది. పెద్దకోడలు నాలుక చివరికి వచ్చిన కేకను పళ్లతో ఆపుకుంది. మెల్లగా, తాగినవాడి నడకలా వంకర్లు పోతూ బండి సాగింది. వెనక సగం పేడ మిగిలిపోయింది. ఆమె ఒంటి బరువు కర్ర మీద వాల్చి, భుజం మార్చుకుంటూ, ఆ వంకర్లన్నీ సరిచేసుకుంటూ నడిచింది. పేడ వాసనా వేడి ఇంజను వాసనా తప్ప ముక్కుకు ఇంకేమీ తగల్లేదు.

వరస చివరికి చేరాక చిన్నకోడలు ఇంజను ఆపింది. షెడ్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో ఆమె దగ్గింది. కమ్మీ పట్టుకుని, ముందుకు వంగి, చేద లాగినట్టు లోపలి నుంచి దగ్గింది. చుట్టూ గాలి తేటగా ఉంది. కప్పు కింద ఎక్కడా మసక లేదు. దగ్గు మాత్రం ఆగలేదు.

పెద్దకోడలు కర్ర గోడకు ఆనించి, బండి పక్కకు వచ్చింది. దగ్గడం అయ్యేదాకా నిలబడింది. నీళ్ల సీసా మూత తీసి అందించింది. చిన్నకోడలు తాగి, మూతి తుడుచుకుని, గోడకు తగిలించానని తిడతావేమో అనుకున్నా అంది.

"పొద్దున ఆ పొగ పీల్చిన దగ్గర్నుంచి నాకు గొంతులో ఏదో పట్టేసినట్టుంది" అంది పెద్దకోడలు. "రేపు పని అయ్యాక ఆస్పత్రిలో చూపించుకోవాలి. ఒక్కదాన్నే వెళ్లలేను. తోడు వస్తావా?"

చిన్నకోడలు ఆమె మొహంలోకి చూసింది. అక్క పొద్దుటి నుంచి మళ్లీ ఒక్కసారి కూడా దగ్గలేదని ఆమెకు తెలుసు. సీసాకు మూత బిగించి వెనక్కి ఇచ్చింది.

"వస్తాలే" అంది. "ముందు దీన్ని వెనక్కి తిప్పడం ఎలాగో చెప్పు."